ఇంజను ఆయిలు డబ్బాపై రెండు అంకెలు

ట్రాక్టరుకు తెచ్చిన ఆయిలు మిగిలినచో కొందరు రైతులు దానినే కారులోను పోయుదురు. ఇట్లు చేయరాదు.

డబ్బాపై 15డబ్ల్యు-40 అని యుండును. డబ్ల్యు చలికి గుర్తు. దాని ముందున్న 15, గట్టి చలిలో ఇంజను తేలికగా తిరుగునా యని తెలుపును. ఆ పరీక్ష సున్నాకు 20 డిగ్రీలు దిగువన జరుపుదురు. మన లంబసింగిలో సైతము అంత చలి లేదు. కావున మనము ముఖ్యముగా చూడవలసినది రెండవ అంకె. 100 డిగ్రీల వేడిలో ఆయిలు చిక్కదనమును అది తెలుపును. 30 కంటె 40 చిక్కన.

దమ్ములో గంటల తరబడి బరువు లాగు ట్రాక్టరులో ఆయిలు మరీ పలుచనైనచో బేరింగులపై పొర తెగి, ఇనుము ఇనుమును ఒరయును. పెక్కు ట్రాక్టర్లకు 15డబ్ల్యు-40 గాని 20డబ్ల్యు-40 గాని సూచించుట ఇందువలననే.

చిక్కని ఆయిలుకు బలమెక్కువ యను మాట దుకాణములలో వినబడును. నమ్మవలదు. బయట ఎండ 45 డిగ్రీలున్నను ఇంజను వేడిని రేడియేటరు అదుపులో నుంచును. ఇటీవలి పెట్రోలు కార్లు పెక్కింటికి 0డబ్ల్యు-20 లేక 5డబ్ల్యు-30 విధించినారు. వాటిలో 40 పోసినచో స్టార్టు చేయగనే ఆయిలు పైభాగములకు ఆలస్యముగా చేరును. పెట్రోలు ఖర్చు పెరుగును.

అంకెతోపాటు ఏ.పి.ఐ. అక్షరమును చూడుడు. 'ఎస్' పెట్రోలు ఇంజనుకు, 'సి' డీజిలుకు. డీజిలు మసిని అడుగున పేరనీయక తేల్చి యుంచు మందులు 'సి' రకములో ఎక్కువ.

కంపెనీ పుస్తకము పోయినచో డీలరునడిగి, సరియైన అంకెను మడ్గార్డు లోపల రంగుతో వ్రాసి యుంచుడు. ఆయిలు మార్చు కుర్రవాడు మిమ్మడుగడు గదా!