కొన్నది మనదేనా? – వీడియోగేమ్ పెట్టె నేర్పిన పాఠం



2015లో దసరా సెలవులు ముగిసి పెగడపల్లి హాస్టలుకు తిరిగి వచ్చినప్పుడు మేము ఎనిమిదో తరగతి. భోజనాల హాలులో పాత డబ్బా టీవీ ఒకటి ఉండేది. దానికి తగిలించి ఆడుకునే వీడియోగేమ్ కొందామని పన్నెండు మందిమి తలా 60 రూపాయలు వేసుకున్నాం. మొత్తం 720 రూపాయలు. జగిత్యాలలో ఒక దుకాణంలో పెట్టె, రెండు రిమోట్లు, ఒక తుపాకి, ఒక క్యాసెట్టు ఇచ్చారు. క్యాసెట్టు మీద "9999 ఆటలు" అని ఉంది.

నాలుగో రోజు అడాప్టరు నుండి కాలిన వాసన వచ్చింది. పెట్టె మళ్ళీ వెలగలేదు. ఆదివారం బస్సెక్కి దుకాణానికి పోయాం. "బిల్లు ఏది తమ్మీ?" అని అడిగాడాయన. మేము బిల్లు తీసుకోనే లేదు. "బిల్లు లేకుంటే నా దగ్గర్నే కొన్నరని ఏం గ్యారంటీ? పోండ్రి" అన్నాడు. తల వంచుకొని వచ్చేశాం.

ఆ రాత్రి ఆరో తరగతి తమ్ముడొకడు దుప్పటి కప్పుకొని ఏడ్చాడు. ఆట పోయినందుకు కాదు. వాళ్లమ్మ బీడీలు చుట్టిన పైసల్లోంచి నోటుపుస్తకాలకని ఇచ్చిన 60 రూపాయలవి. "అందరు ఇస్తున్నరు, నువ్వొక్కనివే ఇయ్యవా?" అని వాడి దగ్గర తీసుకున్నది మేమే.

ఇప్పుడు ఎం.కాం. చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పాసైనది మేమే మొదలు. వినియోగదారుల రక్షణ చట్టం పాఠం విన్న రోజు మాకు ఆ పెట్టే గుర్తుకొచ్చింది. తెలుసుకున్నది మీకు చెప్పాలని ఈ వ్యాసం.

మన పెట్టెలో ఏముంది?

జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1983 జూలై 15న 'ఫామికామ్' అనే వీడియోగేమ్ పెట్టెను విడుదల చేసింది. మన బజార్లలో ఏళ్ల తరబడి అమ్ముడైన చవక టీవీగేమ్‌లలో చాలావరకు దాని నకళ్లే. ఇక 9999 ఆటల సంగతి. పెట్టె పాడవక ముందు మేము కాగితం మీద రాసుకుంటూ లెక్కపెడితే వేరువేరు ఆటలు ముప్పై కూడా లేవు. ఒకే ఆటను ఒకసారి మొదటి దశ నుండి, ఒకసారి మూడో దశ నుండి మొదలుపెట్టి, పేరు మార్చి మళ్ళీ మళ్ళీ చూపిస్తారు. తుపాకి కూడా పాత డబ్బా టీవీతోనే పనిచేస్తుంది. ఆ టీవీ తెర మీద బొమ్మను గీసే వెలుగును అది పసిగడుతుంది. కొత్త పలచని టీవీలకు గురిపెడితే పనిచేయదు. ఈ ముక్క అట్టపెట్టె మీద ఎక్కడా లేదు.

పెద్ద కంపెనీల దగ్గరా ఇదే గోస

పేదవాళ్లం, చవక సరుకు కొన్నాం, అందుకే మోసపోయామని అప్పట్లో అనుకున్నాం. కానీ వేలకు వేలు పోసి పేరున్న కంపెనీల పెట్టెలు కొన్నవారికీ బాధలు తప్పలేదు.

నాసిరకం సరుకు: 1983లో అమెరికా బజారు పసలేని ఆటలతో నిండిపోయి, కొనేవారికి నమ్మకం పోయి, వీడియోగేమ్ వ్యాపారమే కూలిపోయింది. అమ్ముడుపోని క్యాసెట్లను అటారీ కంపెనీ న్యూమెక్సికోలోని అలమొగార్డో దగ్గర గోతిలో పాతిపెట్టింది. 2014 ఏప్రిల్‌లో వాటిని తవ్వి తీశారు.

చెడిపోవడం: మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 వేడికి లోపలి అతుకులు దెబ్బతిని, ముందు భాగంలో మూడు ఎర్రలైట్లు వెలిగి ఆగిపోయేది. ఫిర్యాదులు వెల్లువెత్తడంతో 2007 జూలైలో కంపెనీ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టవలసి వచ్చింది.

ఇచ్చింది వెనక్కి తీసుకోవడం: ప్లేస్టేషన్ 3లో లినక్స్ వేసుకొని దాన్ని కంప్యూటరులా వాడుకునే వీలు ఉండేది. 2010 ఏప్రిల్ 1న వచ్చిన అప్‌డేట్‌తో సోనీ దాన్ని తీసేసింది. అప్‌డేట్ వద్దంటే ఆన్‌లైన్ ఆటలు ఉండవు. అమెరికాలో కొనుగోలుదారులు దావా వేస్తే ఏళ్ల తరబడి నడిచి, చివరికి పరిహారంతో రాజీ కుదిరింది.

దొరకకపోవడం: ప్లేస్టేషన్ 5 ఇతర దేశాల్లో 2020 నవంబరులో వచ్చింది. మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. అప్పుడు డిస్కు పెట్టె ధర 49,990 రూపాయలు ఉండేది. ముందస్తు బుకింగులు నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత అవే పెట్టెలు చేతులు మారి ఎక్కువ ధరకు అమ్ముడయ్యాయి.

కొన్నా మనది కాకపోవడం: యూబీసాఫ్ట్ కంపెనీ 'ది క్రూ' అనే ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసేసింది. డబ్బు పెట్టి కొన్న డిస్కు చేతిలో ఉన్నా ఆట ఆడదు. ఆన్‌లైన్‌లో "కొనండి" అని అమ్మేది చాలాసార్లు వాడుకునే అనుమతి మాత్రమే. ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2025 జనవరి 1 నుండి అమలులో ఉంది.

ఇన్ని బాధలకు మూలం ఒకటి ఉంది. సిరిసిల్ల మగ్గానికి ఏ దుకాణం నూలైనా ఎక్కుతుంది. ఈ పెట్టెలకు అలా కాదు. ఒక కంపెనీ పెట్టెలో ఆ కంపెనీ ఒప్పుకున్న ఆటలే ఆడతాయి. యాభై వేలు పోసి కొన్నాక మనం వారి చేతిలో ఉంటాం. అయినా 2007లో అంత పెద్ద కంపెనీ దిగివచ్చింది. కొన్నవారు ఊరుకోకుండా ఫిర్యాదులు పెట్టారు కనుక వచ్చింది. మేము పన్నెండు మందిమి మాత్రం ఒక్క కాగితం ముక్క రాయకుండా ఊరుకున్నాం.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. ఈ కొత్త చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోను అనడమూ అంతే. లేని గొప్పలు చెప్పి అమ్మడమూ తప్పే. అంటే "బిల్లు ఏది?" అని మమ్మల్ని అడిగిన మాట ఈనాడు మనమే దుకాణదారుని అడగవచ్చు.

మనం చేయవలసినవి

1. ఎంత చిన్న వస్తువైనా బిల్లు అడగాలి. వారంటీ కార్డు మీద తేదీ, దుకాణం ముద్ర వేయించాలి. రెండింటికీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవాలి.

2. అట్టపెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా చూడాలి. ఆ ధర కన్నా ఎక్కువ ఇవ్వనక్కరలేదు.

3. దుకాణంలోనే తగిలించి చూపించమనాలి.

4. మన నాన్నలు, అన్నలు గల్ఫ్ నుండి తెచ్చే వస్తువులకు వారంటీ చాలాసార్లు కొన్న దేశంలోనే చెల్లుతుంది. ఇండియాలో చెల్లుతుందా అని కొనేటప్పుడే అడగమని ఫోనులో చెప్పాలి.

5. న్యాయం జరగకపోతే ముందు 1915 నంబరుకు ఫోను చేయాలి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. కరీంనగర్‌లో కమిషన్ ఉంది. మనం ఉండే చోటు నుండే ఫిర్యాదు చేసే హక్కు కొత్త చట్టం ఇచ్చింది. ఆన్‌లైన్‌లో 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ఉంది. వకీలు తప్పనిసరి కాదు. 5 లక్షల రూపాయల వరకు విలువైన వస్తువులకు ఫీజు లేదు. గడువు మాత్రం రెండేళ్లు.

చివరిగా

తమ్ముళ్లారా! ఆటలు ఆడవద్దని మేము చెప్పడం లేదు. ఆటలు తయారుచేసే వారిలోనూ మనవాళ్లు ఉన్నారు. 2009లో వచ్చిన 'దేశీ అడ్డా' అనే ప్లేస్టేషన్ 2 ఆటను హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థ చేసింది. అందులో కబడ్డీ కూడా ఉంది. రేపు మీలో ఒకరు అలాంటి చోట పనిచేయవచ్చు. అప్పుడు కొనేవాడి 60 రూపాయలు ఎక్కడి నుండి వచ్చాయో మరిచిపోకండి.

డిగ్రీలో మొదటిసారి స్కాలర్‌షిప్పు వచ్చినప్పుడు ఆ తమ్ముడిని కలిసి 60 రూపాయలు ఇవ్వబోయాం. వాడు నవ్వి తీసుకోలేదు. "అన్నా, పైసలెందుకు? గా బిల్లు సంగతి హాస్టల్ల పొల్లగాండ్లకు చెప్పు" అన్నాడు.

చెప్పాం. ఇక అడగడం మీ వంతు.

– పూర్వ విద్యార్థి, ఎం.కాం.