ముందు వాళ్లకి చదివి వినిపించు

వికలాంగుల కోసం పనిచేసే సంస్థలో కమ్యూనికేషన్స్ ఉద్యోగం అని చెప్పగానే పెళ్లిలో కలిసిన పిన్నిగారు ఏమన్నారు? "అంటే ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెడతావా?" అనేగా? పోనీలే చెల్లీ, ఆవిడకేం తెలుసు! ఫోటోలూ తీస్తాం, కరపత్రాలూ రాస్తాం, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపు ఎప్పుడో ఊళ్లకి కబురు పంపుతాం, దాతలకి ఉత్తరాలు రాస్తాం. మార్చి వచ్చిందంటే కంపెనీల సీఎస్ఆర్ రిపోర్టులతో తిండి కూడా మర్చిపోతాం. చాకిరీ ఎంతున్నా మనం చేసేస్తాం. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటుంది. ఒక పసివాడి కష్టాన్ని నాలుగు పేరాల్లో పెట్టి డబ్బులడిగాం, తప్పు చేశామేమో అన్న గుబులు. నీకూ ఉంది కదూ?

ఉండనీ, మంచిదే. దానికో దారి మాత్రం చూపిద్దాం. ఎవరి గురించి రాశావో, బయటికి పంపేముందు వాళ్లకి నువ్వే చదివి వినిపించు. పిల్లాడైతే వాడికీ, వాళ్లమ్మకీ కూడా. పక్కన కూర్చుని గట్టిగా చదువు. "విధి వక్రించి మంచానికే పరిమితమైన ఈ అభాగ్యుడు" అని రాసి ఉంటే, ఆ తల్లి మొహంలోకి చూస్తూ చదవగలవా? నోరు రాదు. నోరు రాని చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకో, ఇంటికొచ్చాక కొట్టెయ్. పైగా ఆవిడే చెబుతుంది చూడు, మనకి తట్టని సంగతులు. వీడికి లెక్కలంటే పడదనీ, రిమోట్ కోసం తమ్ముడితో కొట్లాడతాడనీ. అవి రాయి. అప్పుడు చదివేవాళ్లకి ఒక పిల్లాడు కనిపిస్తాడు.

"కన్నీళ్లు పెట్టించకపోతే చెక్కులు రావమ్మా" అనే పెద్దలు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్లూ మంచివాళ్లే, నెల తిరిగేసరికి జీతాలెలా ఇవ్వాలన్న బెంగ వాళ్లది. వాదన పెట్టుకోకు. అకౌంట్స్ వాళ్ల దగ్గరికెళ్లి, ఒక పిల్లాడికి నెల రోజుల ఫిజియోథెరపీకి ఎంతవుతుందో, కాలిపర్స్ జత ఎంతో, పిల్లాడు పెరిగేకొద్దీ ఎన్నాళ్లకోసారి మార్చాలో రాయించుకో. తన డబ్బుతో ఏం వచ్చిందో కళ్లకు కట్టినట్టు తెలిసిన దాత మళ్లీ ఇస్తాడు. రసీదు ఆలస్యం చేయకుండా పంపితే ఇంకా సంతోషంగా ఇస్తాడు. ఆ పని మాత్రం రేపటికి పెట్టకు.

కన్నీళ్ల కథలంటే గుర్తొచ్చింది, వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి, పారా అథ్లెట్ జీవాంజి దీప్తి గురించి ఎన్ని కథనాలు చదివాం! చిన్నప్పుడు ఊళ్లో పడ్డ మాటలు, ఇంట్లో లేమి అందరికీ గుర్తున్నాయి. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లని 55.07 సెకన్లలో పరుగెత్తి, తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టిందని ఎంతమందికి గుర్తుంది? ఆ సెప్టెంబర్‌లోనే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ పరుగు గురించి, దాని వెనకున్న సాధన గురించి మనం ఇంకా చదవాల్సింది కాదూ? అలాగని మన దగ్గరికొచ్చే ప్రతివాళ్లనీ దీప్తిని చేసేయకు తల్లీ. పతకం తేనివాళ్లకి కూడా బస్సెక్కే హక్కుంది, పింఛను అడిగే హక్కుంది. వికలాంగుల హక్కుల కోసం పనిచేసే నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పిందీ దాదాపు ఇదే. సినిమాల్లో వికలాంగుల్ని అపోహలతో వెక్కిరించొద్దు, మానవాతీతులుగానూ చూపించొద్దు, తీసేటప్పుడు వాళ్లనీ కలుపుకోండి అంది. సినిమాల గురించి చెప్పినా మన కరపత్రానికీ చక్కగా సరిపోతుంది. పెద్దసార్ వినకపోతే ఆ తీర్పు చూపించు.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతికి వద్దాం. ఫోటోకి ఒప్పుకున్నారు, సంతకం పెట్టారు, ఫైల్లో ఉంది, అంతేనా? మన దగ్గర థెరపీకి వచ్చే పిల్లాడి తల్లి, థెరపిస్టు పక్కనుండగా "ఫోటో తీసుకోవచ్చా అమ్మా?" అంటే కాదనగలదా? కాదంటే రేపట్నుంచి సరిగా చూడరేమోనని ఆవిడ భయం. ఆ భయంతో పెట్టిన సంతకాన్ని ఒప్పుకోలు అనుకుని మనం హాయిగా ఉండగలమా? అందుకని అడిగే మనిషిని మార్చు, అడిగే రోజునీ మార్చు. థెరపీ లేని రోజు, థెరపిస్టు లేనప్పుడు నువ్వెళ్లి అడుగు. "వద్దన్నా ఏమీ మారదమ్మా, బాబు సెషన్ బాబుకుంటుంది" అని ముందే చెప్పేయ్. ఎక్కడెక్కడ వస్తుందో విడివిడిగా చెప్పు. దాతల రిపోర్టులో ఒకటి, ఫేస్‌బుక్‌లో ఒకటి, ఫ్లెక్సీ మీద ఇంకొకటి. రిపోర్టుకి సరే, ఊళ్లో ఫ్లెక్సీకి వద్దు అంటారు చాలామంది. ఎందుకో మనకి తెలియనిది కాదు, ఇంట్లో అక్క పెళ్లి సంబంధాలు నడుస్తుంటాయి. నువ్వు విసుక్కోకు, ఆవిడకి ధైర్యాలు చెప్పే రోజు ఇంకోటి వస్తుంది. ఫారం తెలుగులో ఉండాలి, చదువు రానివాళ్లకి చదివి వినిపించాలి, తర్వాత వద్దనుకుంటే ఏ నంబరుకి ఫోన్ చేయాలో అందులోనే ఉండాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పదంటోంది. నేనైతే పిల్లాడినీ అడగమంటాను. మాట రాకపోయినా కెమెరా చూసి మొహం తిప్పుకుంటే అది జవాబే.

ఫోటో తీసేటప్పుడు కూడా, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లని పైనుంచి తీయొద్దని ఫోటోగ్రాఫర్‌కి చెప్పు. మోకాళ్ల మీద కూర్చోమను, కళ్లు కళ్లు సమానంగా రానీ.

ఇంకో బెంగ నీకు ఇంకా పట్టలేదు, నేనే పట్టిస్తాను. మనం ముద్దుగా డిజైన్ చేయించిన కరపత్రం, చూపు లేనివాళ్లకి చేరుతోందా? నీ ఫోన్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఆన్ చెయ్, కళ్లు మూసుకుని మన వాట్సాప్ గ్రూపు విను. పోస్టర్ దగ్గరికి రాగానే అదొక ఫోటో అని చెప్పి ముందుకెళ్లిపోతుంది. క్యాంపు తేదీ, చోటు, తెచ్చుకోవాల్సిన కాగితాలు అన్నీ ఆ ఫోటోలోనే ఉండిపోయాయి! అందుకని పోస్టర్ కింద ఆ నాలుగు ముక్కలూ టైపు చేసి పెట్టు. ప్రెస్ వాళ్లు అను ఫాంట్స్‌లో కొట్టిన ఫైలుందే, దాన్ని అలాగే మెయిల్లో అతికించావో తెలుగంతా పోయి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు మిగులుతాయి. స్క్రీన్ రీడర్ ఆ పిచ్చి అక్షరాలనే చదువుతుంది. యూనికోడ్‌లో ఒక కాపీ ఇమ్మని ప్రెస్ వాళ్లని ముందే అడుగు, గునుస్తారు గానీ ఇస్తారు. వీడియోకి కింద తెలుగు అక్షరాలు పడాలి, సైగల భాష వచ్చినవాళ్లు దొరికితే ఇంకా మేలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. మనం పంపే ఒక్క కబురు అన్ని రకాలవాళ్లకీ ఒకేలా అందదు కదా, కాస్త ఓపిక చెయ్యి.

నీ సంగతి కూడా చూసుకోవాలి. రాత్రి పదింటికి ఏ తల్లో ఫోన్ చేసి ఏడుస్తుంది, మనసాగక గంటసేపు వింటావు. విను, కానీ పొద్దున్నే ఆ నంబరు కౌన్సెలర్ చేతిలో పెట్టు. ఆ పని చదువుకున్నవాళ్లు వాళ్లు, ఆ తల్లికి నీకంటే వాళ్లే ఎక్కువ సాయపడగలరు. భారమైన ఇంటర్వ్యూ ఉన్న రోజు సాయంత్రం రాయడానికి కూర్చోకు. వేడిగా అన్నం తిని పడుకో, కథ పొద్దున్న రాద్దువుగాని.

ఇక డిసెంబర్ 3 దగ్గరకొస్తోంది, అంతర్జాతీయ వికలాంగుల దినం. సన్మానం అందుకోవాల్సినాయన్ని నలుగురు కుర్చీతో సహా స్టేజీ మీదికి ఎత్తుతుంటే అందరూ ఫోన్లు తీస్తారే, ఆ ఫోటో ఈసారి మనకొద్దు. ర్యాంపు పెట్టించు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలి, అంతకంటే నిటారుగా ఉంటే కుర్చీ తోసుకోవడం కష్టం. అంత చోటు లేకపోతే స్టేజీయే మానేయ్, అందరూ నేల మీదే కూర్చుంటారు, అతిథులతో సహా. షామియానా అబ్బాయికి ఇవాళే ఫోన్ చెయ్యి. పెళ్లిళ్ల రోజులు, ఆలస్యమైతే దొరకడు.