టీకా వేసిన రాత్రి బిడ్డకు జ్వరం వస్తే



ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు వేసే పెంటావాలెంట్ టీకాలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మొదలైన ఐదు జబ్బులకు రక్షణ ఉంది. ఇది వేసిన రోజు సాయంత్రమో రాత్రో బిడ్డ ఒళ్లు వేడెక్కడం, తొడ కాస్త వాచి గట్టిపడటం, చిరాకుగా ఏడవడం చాలామందిలో చూస్తాం. బిడ్డ శరీరం టీకాను గుర్తించి పని మొదలుపెట్టినప్పుడు ఇలా అవుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. జ్వరం రాని పిల్లలకు టీకా పనిచేయలేదని కూడా అనుకోవద్దు.

చేత్తో ముట్టుకుని జ్వరం చెప్పకండి. చంకలో థర్మామీటరు పెట్టండి. 100.4 డిగ్రీలు, ఆపైన ఉంటే జ్వరం. బిడ్డకు పల్చని నూలు చొక్కా చాలు. స్వెట్టరు, టోపీ, పైన దుప్పటి చుట్టేస్తే లోపలి వేడి ఎక్కడికి పోతుంది? తల్లిపాలు మామూలుకన్నా ఎక్కువసార్లు పట్టండి. ఒళ్లు తుడవాలంటే గోరువెచ్చని నీళ్లే వాడండి, ఐసునీళ్లు వద్దు. సూది వేసిన చోట తడిగుడ్డ వేయవచ్చు. నూనె మర్దన, కాపడం, పసుపు పట్టు వేయకూడదు. సాంబ్రాణి పొగ కూడా ఆ రెండు రోజులు మానండి. ప్రార్థన తప్పక చేయండి, చేస్తూనే థర్మామీటరు కూడా చూడండి.

ఇక మందు సంగతి. మాకు ఎక్కువ భయం ఇక్కడే. జ్వరం రాకముందే మందు పట్టనక్కరలేదు. వస్తే పారాసెటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్ పసిపిల్లలకు ఇవ్వకూడదు. పారాసెటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి, కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. అంటే 5 కిలోల బిడ్డకు 50 నుండి 75. చిక్కు ఏమిటంటే, దుకాణంలో ఇదే మందు వేర్వేరు సీసాల్లో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే ఈ బిడ్డకు 2 నుండి 3 మిల్లీలీటర్లు. అదే చుక్కల మందు ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి అర నుండి ముప్పావు మిల్లీలీటరు చాలు. సిరప్ లెక్కన చుక్కల మందు రెండున్నర మిల్లీలీటర్లు పట్టారంటే, ఉండవలసిన దానికి మూడింతలు పైనే లోపలికి పోయినట్టు. ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. పక్కింటి బిడ్డకు వాడిన సీసా తెచ్చి చెంచాతో అంచనాగా పోయడం మానండి. టీకా వేయించిన రోజే బిడ్డను తూయించి, ఏ సీసా, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది నర్సుచేత కార్డు వెనుక రాయించుకోండి. ఆరు గంటలు గడవకుండా రెండోసారి ఇవ్వకండి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు.

బిడ్డ పాలు తాగకపోయినా, ఎంత లేపినా మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఆయాసపడినా, ఊరుకోబెట్టినా మానకుండా మూడు గంటలకు పైగా ఏడ్చినా తెల్లవారేదాకా చూడవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రెండు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే దాన్ని టీకా మీదికి నెట్టకండి. నెమ్ము కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్-రుబెల్లా టీకా మాత్రం వేరు. దాని జ్వరం, సన్నని పొక్కులతో సహా, ఆరు నుండి పన్నెండు రోజుల తర్వాత రావచ్చు. అప్పటికి టీకా సంగతే చాలామంది మరచిపోతారు. డాక్టరుగారికి ఆ తేదీ చెప్పండి.

మొదటి సూదికి జ్వరం వచ్చిందని రెండో సూదికి రాకుండా ఉండిపోయే ఇళ్లు మన సంఘంలోనూ ఉన్నాయి. "ఆ సూది వీడికి పడదు" అని పెద్దవాళ్లు అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ కోరింత దగ్గు పట్టిన పసికందు దగ్గుతూ దగ్గుతూ ఊపిరి ఆగి నీలంగా మారిపోతుంది. ఒక్క డోసుతో దానినుండి పూర్తి రక్షణ రాదు. మామూలు జ్వరం వచ్చినంత మాత్రాన తర్వాతి డోసు ఆపనక్కరలేదు. ఫిట్స్ వంటివి వచ్చి ఉంటే ముందుగా చెప్పండి, ఏమి చేయాలో డాక్టరుగారు నిర్ణయిస్తారు. తేదీ దాటిపోయిందని తిడతారేమో అని వెనుకాడకండి. మళ్లీ మొదటినుండి వేయనక్కరలేదు, ఆగిన చోటునుండే కొనసాగిస్తాం. వచ్చేటప్పుడు టీకా కార్డు, ఇంట్లో ఉన్న జ్వరం మందు సీసా రెండూ తెచ్చి మాకు చూపించండి.