ఇంటియందు సంగీతము వినుటకు హెడ్‌ఫోనులు, ఆంప్లిఫయరు, తీగలు: ఎన్నుకొను విధము

సంగీతము వినగోరువారు పూర్వకాలమున విద్వాంసుడున్న చోటికి పోవలసి యుండెను. గ్రామఫోనును రేడియోయును వచ్చిన పిదప విద్వాంసుడే మన యింటికి వచ్చినట్లయ్యెను. ఇప్పుడు హెడ్‌ఫోను మూలమున అతడు మన చెవియొద్దనే కూర్చుండి పాడుచున్నాడు. కొండల నడుమనున్న మన సీలేరునందును పాటలకును పాఠములకును బాలురు హెడ్‌ఫోనులను కోరుచున్నారు, తల్లిదండ్రులు కొనుచున్నారు. అంగడిలో నూర్ల రూపాయల సరకును గలదు, వేలకు మించిన సరకును గలదు. దేనికెంత వెచ్చింపవలెనో తెలియనివాడు మోసపోవుట సులభము. పోయిన ధనమును మరల గడింపవచ్చును. పోయిన వినికిడి మరల రాదు. కావున ఈ మూడు వస్తువులను గూర్చి మేమిచట క్రమముగా విచారింతుము.

1. హెడ్‌ఫోనులు

1910వ సంవత్సరమున అమెరికా దేశస్థుడగు నథానియేల్ బాల్డ్విన్ తాను చేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు మొదలిడిన కాలమున, స్ఫటికపు రేడియో గలవారు హెడ్‌ఫోను తగిలించుకొనియే వినవలసి యుండెను. 1958లో జాన్ కాస్ రెండు చెవులకు వేర్వేఱు ధ్వనులనిచ్చు స్టీరియో హెడ్‌ఫోనును అంగడికి దెచ్చెను. నాటి నుండి దీని రూపము మాఱినదే గాని సూత్రము మాఱలేదు. విద్యుత్ప్రవాహము అయస్కాంతపు చెంతనున్న తీగచుట్టను కదల్చును. అది పలుచని పొరను కదల్చును. పొర గాలిని కదల్చును.

హెడ్‌ఫోనులు ముఖ్యముగా మూడు విధములు. వెనుకభాగము మూయబడినవి మొదటివి. ఇవి బయటి రొదను కొంత ఆపును. లోని ధ్వనిని ఇతరులకు వినిపింపవు. వెనుకభాగము తెఱచియున్నవి రెండవవి. వీనియందు ధ్వని విశాలముగా, ఎదుట నెవరో పాడుచున్నట్లు వినబడును. కాని బయటి రొదయంతయు లోనికి వచ్చును. చెవి రంధ్రమున నిముడు చిన్నవి మూడవవి.

మన ప్రాంతమున వర్షకాలము దీర్ఘము. రేకుల కప్పుపై వాన కురియునప్పుడు తెఱచిన హెడ్‌ఫోనుతో వినువాడు, వాన చప్పుడును మించుటకై ధ్వనిని హెచ్చించును. అపాయమచటనే మొదలగును. కావున రొద గల యింట మూసిన రకమును, నిశ్శబ్దమైన గదియందు తెఱచిన రకమును తగియుండును.

కొనుటకు ముందు మీకు బాగుగా తెలిసిన పాటనే విని చూడుడు. మృదంగపు ఎడమవైపు మ్రోత గుభాళింపక స్పష్టముగా వినబడవలెను. గాయకుడు శకార సకారములను పలుకునపుడు చెవిలో గ్రుచ్చినట్లుండరాదు. వీణ తంతిని మీటిన పిదప నాదము మెల్లమెల్లగా క్షీణించుట తెలియవలెను. థింసా నృత్యపు డప్పు, తుడుము కలిసి మ్రోగినను దేని ధ్వని దానిదిగా తోపవలెను. అరగంటసేపు ధరించి చూచి, తలను బిగించుచున్నదా, కండ్లద్దములను నొక్కుచున్నదా అని పరీక్షింపుడు. మెత్తలును తీగయును విడదీసి మార్చుకొన వీలగునది కొన్నచో అనేక సంవత్సరములు పనిచేయును.

2. ఆంప్లిఫయరు

ఆంప్లిఫయరనగా సన్నని విద్యుత్తరంగమును రూపము చెడకుండ బలపఱచు పరికరము. అది అందఱికిని అవసరమా యను ప్రశ్నకు లెక్కయే ఉత్తరము చెప్పవలెను.

ధ్వని బలమును డెసిబెల్లులతో కొలుతురు. 3 డెసిబెల్లులు పెరుగుటకు రెండింతల శక్తియు, 10 పెరుగుటకు పదింతల శక్తియు కావలయును. హెడ్‌ఫోను పెట్టెపై రెండు సంఖ్యలుండును. ఓములలో చెప్పబడునది దాని నిరోధము. ఒక మిల్లివాట్టునకు ఎన్ని డెసిబెల్లులు పలుకునో తెలుపునది దాని గ్రహణశక్తి.

మనము 75 డెసిబెల్లుల సగటున వినుచున్నామనుకొందము. వాద్యములు ఒక్కసారి ఉప్పొంగినపుడు మఱి 20 కావలయుననుకొన్నను మొత్తము 95. నిరోధము 32 ఓములు, గ్రహణశక్తి 100 గల హెడ్‌ఫోనునకు ఇందుకు మిల్లివాట్టులో మూడవవంతు చాలును. అనగా వోల్టులో పదవవంతు మాత్రమే. ఏ ఫోనైనను దీని నీయగలదు. ఇట్టివారు వేఱు ఆంప్లిఫయరు కొనుట వ్యర్థము.

నిరోధము 300 ఓములు, గ్రహణశక్తి 92 అయినచో 2 మిల్లివాట్టులు, అనగా ముప్పాతిక వోల్టునకు కొంచెమెక్కువ కావలయును. పాతకాలపు కచేరీల రికార్డులు మంద్రముగా నుండుటచే మఱి 10 డెసిబెల్లులు కావలసినయెడల 20 మిల్లివాట్టులు, సుమారు 2½ వోల్టులు కావలెను. సామాన్యమైన ఫోను ఇంత ఈయజాలదు. ఇట్టిచోట ఆంప్లిఫయరు సార్థకము.

మన యూరి ఎగువ సీలేరు విద్యుత్కేంద్రమున ఒక్కొక్కటి 60 మెగావాట్టుల చొప్పున నాలుగు యంత్రములు గలవు. మొత్తము 24 కోట్ల వాట్టులు. చెవికి కావలసినది వాట్టులో వేయవవంతులు. దీనినిబట్టి, ఆంప్లిఫయరు గొప్పతనము శక్తి యొక్క ఆధిక్యమున గాక స్వచ్ఛతయందున్నదని గ్రహింపవలెను. పాట లేనపుడు బుసబుస ధ్వని రాకుండుట మంచి గుర్తు. దాని నిర్గమ నిరోధము హెడ్‌ఫోను నిరోధములో ఎనిమిదవవంతునకు మించకుండుట మేలు. మించినచో కొన్ని స్వరములు హెచ్చి, కొన్ని తగ్గును.

తీగ లేని హెడ్‌ఫోనులలో ఆంప్లిఫయరు లోపలనే అమర్పబడియుండును. వానికి వేఱొకటి కొనవలదు.

3. డిజిటల్ తీగలు

హెచ్చు ధనము వృథాయగునది ఈ విషయముననే. డిజిటల్ తీగలో పాట పోదు, అంకెలు పోవును. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు పద్ధతిలో సెకనుకు 44,100 సారులు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 16 ద్విసంఖ్యాంకములతో వ్రాయుదురు. రెండు చెవులకు కలిపి సెకనుకు 14,11,200 అంకములగును. సామాన్యమైన యూఎస్‌బీ 2.0 తీగ సెకనుకు 48 కోట్ల అంకముల మోయుటకు ఏర్పడినది. ఏనుగు నెక్కించుకొను బండికి పిల్లి బరువగునా? ఈ అంకెలను మరల విద్యుత్తరంగముగా మార్చునది డాక్ అను పరికరము.

అంకెలు సరిగా చేరిన పాట పూర్ణముగా వచ్చును. చేరనియెడల టపటపలును నడుమ నిశ్శబ్దములును కలుగును. బంగారు పూత గల తీగ గాయకుని కంఠమును మధురము చేయజాలదు. కోవాక్సియల్ తీగయైన 75 ఓములది కావలెను. యూఎస్‌బీ 2.0 తీగ 5 మీటర్లకు మించరాదు. కాంతితీగను మడువరాదు, మడిచినచో కాంతి దారి తప్పును.

కాంతితీగకు ఒక నిజమైన గుణము గలదు. రెండు పరికరములు వేఱువేఱు చోట్ల విద్యుత్తు గైకొని లోహపు తీగతో కలిసినపుడు, ఒక్కొక్కప్పుడు మన 50 చక్రముల విద్యుత్తు గుయ్యిమను రొదగా పాటలో చొరబడును. కాంతితీగ విద్యుత్తును మోయదు గనుక ఆ దారి తెగిపోవును. ఉఱుములు ఉఱుమునపుడు మాత్రము ఏ తీగ యున్నను పరికరములను గోడనుండి విడదీయుటయే క్షేమము.

ఖరీదైన తీగ మేలని ఎవరేని వాదించినచో ఇంటనే పరీక్షింపుడు. ధ్వని బలము సమానముగా నుంచి, వినువానికి తెలియకుండ వేఱొకరు నాణెమునెగురవేసి తీగను ఎన్నుకొని తగిలింపవలెను. ఇట్లు పది మాఱులు చేసి ఉత్తరములు వ్రాసికొనవలెను. ఊహతోనే తొమ్మిదియో పదియో సరిగా చెప్పుట 1,024 అవకాశములలో 11 మాత్రమే. అయిదాఱు సరియైనచో అది ఊహ యనియే తలంపవలెను.

4. చెవులను కాపాడుకొనుట

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు పెద్దలకు 80 డెసిబెల్లులు వారమునకు 40 గంటలు. పిల్లలకు 75 డెసిబెల్లులు 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్లుల పెరుగుదలకు కాలము సగమగును. పెద్దలకు 83కు 20 గంటలు, 86కు 10, 89కి 5, 92కు 2½ గంటలు మాత్రమే. పిల్లలకు అంతకన్నను తక్కువ. లోచెవిలోని సన్నని రోమకణములు ఒకసారి నశించిన మరల మొలవవు. చెవిలో హోరు వినబడినను, పిలుపు వినబడకపోయినను అది హెచ్చరిక. ధ్వనిని తగ్గించి విరామమిచ్చుట బిడ్డలకు నేర్పవలసిన మొదటి పాఠము.

ముగింపు

మా యభిప్రాయమిది: చేతనున్న ధనములో పెద్దభాగమును హెడ్‌ఫోనునకు వినియోగింపుడు. లెక్క వేసి అవసరమైననే ఆంప్లిఫయరు కొనుడు. తీగకు దాని పని చేయుటకు చాలినంతయే వెచ్చింపుడు. మిగిలిన సొమ్ము పుస్తకములకో సంగీతము నేర్చుటకో ఉపయోగించినచో అంతకన్న మంచి ధ్వని ఇంట వినబడును.

అభ్యాసము

1. మీ యింట నున్న హెడ్‌ఫోను పెట్టెపై గల రెండు సంఖ్యలను చూచి, 95 డెసిబెల్లులకు ఎంత శక్తి కావలెనో లెక్కింపుడు.
2. వర్షము కురియుచుండగా తెఱచిన హెడ్‌ఫోను ఏల తగదు?
3. పిల్లలు 78 డెసిబెల్లులతో వారమునకు ఎన్ని గంటలు వినవచ్చును?