పిల్లలకు షుగరు ఎందుకు వస్తుంది?

షుగరు అనగానే మనకు నడివయసు, పెరిగిన పొట్ట, మిఠాయిలు గుర్తుకొస్తాయి. అందుకే ఏడెనిమిదేళ్ల పాపకు షుగరు అని తేలగానే బంధువులు తల్లిని అడిగే మొదటి మాట, "చాక్లెట్లు ఎక్కువ పెట్టావా?" అని. ఆ తల్లికి ఇంతకన్నా అన్యాయం లేదు. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది టైప్ 1 మధుమేహం. తీపి తినడం వల్ల అది రాదు.

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలుంటాయి. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక కణాలే వాటిని చంపేస్తాయి. ఎలాగంటే, కాపలా కణం ఒకటి తనకు దొరికిన ప్రోటీన్ ముక్కను 'టి' కణానికి చూపిస్తుంది. ఇది మొదటి సంకేతం. అంతమాత్రాన 'టి' కణం దాడికి దిగదు. రెండో సంకేతం కూడా అందాలి. పిల్లవాడు సెలవుచీటీ రాస్తే చాలదు, హెడ్మాస్టరు సంతకం కావాలి కదా, అలాగన్నమాట. సంతకం లేకపోతే 'టి' కణం సాధారణంగా చల్లబడిపోతుంది. ఇవి కాక, తోటివాళ్లను అదుపులో పెట్టే నియంత్రణ 'టి' కణాలు వేరే ఉన్నాయి.

టైప్ 1లో ఈ కట్టుబాట్లన్నీ సడలిపోతాయి. చూపించిన ముక్క మన ఇన్సులిన్‌దే కావచ్చు. రెండు సంకేతాలూ అందుకున్న 'టి' కణాలు క్లోమంలో చేరి ఇంటర్‌ఫెరాన్ గామా వంటి రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావానికి బీటా కణాలు తమ లోపలి ముక్కలను పైపొర మీద మరింతగా ప్రదర్శిస్తాయి. చంపడానికి వచ్చినవాళ్లకు తమ ఆనవాలు తామే చూపిస్తున్నాయి, పాపం! కొన్ని జన్యువులుంటే ముప్పు ఎక్కువే గానీ, అవి ఉన్నవారిలో చాలామందికి ఈ జబ్బు రాదు.

ఈ దాడి నెలల తరబడి, ఏళ్ల తరబడి గుట్టుగా సాగుతుంది. 2022 నవంబరులో అమెరికాలో అనుమతి పొందిన టెప్లిజుమాబ్ 'టి' కణాల దూకుడు తగ్గించి, జబ్బును సుమారు రెండేళ్లు వాయిదా వేయగలిగింది. పూర్తిగా ఆపలేదు.

జబ్బు బయటపడ్డాక ఇన్సులిన్ తప్పదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది వేసేదాకా ఇలాంటి పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు. ఈనాటికీ సూది మాన్పించి పసరు మందులకు మారిస్తే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, చిక్కిపోవడం కనిపిస్తే అదేరోజు రక్తపరీక్ష చేయించాలి. దాతలు ఇన్సులిన్ కొనిచ్చేటప్పుడు సూదులు, పరీక్ష స్ట్రిప్పులు కూడా కలిపి ఇవ్వడం మేలు. స్ట్రిప్పు లేకుండా ఎంత మోతాదు వేయాలో ఏ తల్లికీ తెలియదు.