పొట్టి తుపాకి: గుణదోష విచారణ

తుపాకి గొట్టము కురుచయైన గుండు వేగము తగ్గును. తుపాకి పొడవైన ఇరుకున త్రిప్పలేము. వశిష్ఠ గోదావరిలో పడవ గదులు చూచిన మనకు ఈ చిక్కు తెలియును. ‘బుల్‌పప్’ తుపాకిలో మేగజీను ట్రిగ్గరుకు వెనుక, భుజము దాపున ఉండును. కావుననే గొట్టము రెండింటికిని 508 మిల్లీమీటర్లే యైనను, ఆస్ట్రియా దేశపు స్టైయర్ తుపాకి అమెరికా ఎం-16 కంటె సుమారు 20 సెంటీమీటర్లు పొట్టి. విశాఖ సమీపమున స్థావరముగల మన నౌకాదళ మార్కోస్ కమాండోలు ఇజ్రాయెలు దేశపు బుల్‌పప్ ‘టావర్’ను చేపట్టుట మాకు సమంజసముగనే తోచినది, ఓడ మెట్లపై పోరువారికి బారెడు తుపాకి బరువే.

మైదానమున మాత్రము మేము దీనిని మెచ్చము. ట్రిగ్గరునకును యంత్రమునకును దూరమెక్కువగుటచే నొక్కుడు బిగువుగా నుండును. మేగజీను మార్చుటకు చేయి చంక దాపునకు పోవలెను. ఎడమచేతివాని పాట్లు మరింత: కుడివైపునకు ఎగురు ఖాళీ తూటా వాని ముఖముననే పడును. టావర్‌లో భాగములు మార్చి దానిని ఎడమకు మరల్పవచ్చును; 1985లో బ్రిటిషు సైన్యము స్వీకరించిన ఎల్-85లో ఆ వీలు లేదు. ఎడమచేతివాడును కుడిభుజముననే కాల్చవలెను.