ఉచిత కంప్యూటర్ గేమ్‌లు: పిల్లలకు ఇచ్చే ముందు మీరు ఆడి చూడండి



సెలవుల్లో పిల్లలు కంప్యూటర్ ముందు చేరి, "ఇది ఫ్రీ గేమే నాన్నా, ఆడుకోనా?" అని అడగడం మామూలే. డబ్బు కట్టనక్కర్లేదు కదా అని వెంటనే సరే అనకండి. చాలా ఉచిత గేమ్‌లు ప్రకటనల మీద, ఆట మధ్యలో కొనిపించే నాణేల మీద నడుస్తాయి. మీ చిన్నారి ఎంతసేపు తెరకు అతుక్కుపోతే వాటికి అంత లాభం.

అందుకే ముందు మీరే పది నిమిషాలు ఆడి చూడండి. కావాలనే ఒక తప్పు చేయండి. మంచి గేమ్ అయితే మళ్లీ ప్రయత్నించనిస్తుంది, తప్పెక్కడో ఆలోచింపజేస్తుంది. ప్రకటన చూడమనో, నాణేలు కొనమనో అడిగితే పక్కన పెట్టేయండి.

ఈ పరీక్షకు నిలిచేవి మూడు చెబుతాం. మూడూ పూర్తిగా ఉచితం. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తాయి.

జీకాంప్రి (2–10 ఏళ్లు): ఫ్రెంచ్‌లో "నాకు అర్థమైంది" అనే మాట నుంచి పుట్టిన పేరు. ఇందులో వందకు పైగా చిన్న చిన్న ఆటలున్నాయి. గడియారం ముళ్లు తిప్పి సమయం పెట్టడం, త్రాసులో బరువులు సరితూచడం, చదరంగం వంటివి. త్రాసు సమంగా నిలిచేదాకా బరువులు మార్చే పిల్లలు కూడికలు తెలియకుండానే చేసేస్తారు.

టక్స్ పెయింట్ (3–12 ఏళ్లు): బొమ్మలు గీసే ప్రోగ్రామ్. నచ్చని గీతను ఒక్క క్లిక్‌తో వెనక్కి తీసుకోవచ్చు. అందువల్ల చిన్నపిల్లలు భయం లేకుండా మౌస్ పట్టడం నేర్చుకుంటారు.

స్క్రాచ్ (8–16 ఏళ్లు): అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసింది. రంగురంగుల బ్లాకులు అతికించి పిల్లలు తమ గేమ్ తామే తయారు చేసుకుంటారు. పిల్లి బొమ్మ కుడికి వెళ్లాల్సింది ఎడమకు వెళ్తే, ఏ బ్లాకు తప్పుందో వాళ్లే వెతకాలి. ఎక్కాల క్విజ్ చేయమని చెప్పి చూడండి.

వీటిని తయారీదారుల సొంత వెబ్‌సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయండి. వేరే సైట్లలో అక్కర్లేని ప్రోగ్రాములు కూడా కలిసి వచ్చే ప్రమాదముంది.

ఆట ముగిశాక "ఎన్ని పాయింట్లు వచ్చాయి?" అనకండి. "ఎలా ఆడాలో నాకూ నేర్పవా?" అని అడగండి. మీకు వివరించి చెప్పగలిగితే, ఆ ఆటలో మీ చిన్నారి నిజంగా నేర్చుకున్నట్టే.